లితారా రాసిన తాల

ముప్పై ఒక్క ఏళ్ళు నాలుగో తరగతి పిల్లల చేత సరైన గడిలో టిక్కు పెట్టించిన లితారా టీచరు, తన వంతు వచ్చేసరికి ఏ గడిలోనూ పెట్టలేదు. "సులు" పత్రికకి రచనతో పాటు నింపి పంపాల్సిన కాగితం మీద రెండే గళ్ళున్నాయి. ఒకటి కథ, రెండోది స్వానుభవం. ఆవిడ ఆ రెంటినీ చాలాసేపు చూసి, పక్కన ఖాళీ జాగాలో గుండ్రటి అక్షరాలతో "తాల" అని రాసి, కవరు అతికించి, రాజధాని ఆపియా వెళ్ళే బస్సు డ్రైవరు చేతిలో పెట్టేసింది.

తప్పని అనడానికీ లేదు. సమోవా మాటల్లో అల్లి చెప్పిందీ తాలే, జరిగింది చెప్పినా తాలే, పక్కింటి కబురు మోసుకొచ్చినా తాలే. ఏది ఎంతవరకు నిజమో వినేవాళ్ళు తేల్చుకుంటారు. చెప్పేవాళ్ళని నిలదీసి అడగడం మర్యాద కాదు.

కానీ తిరేసా అడిగింది. ఆపియాలో బట్టల కొట్టు మీద గదిలో కూచుని ఏడాదికి రెండుసార్లు ఆ పత్రిక తెచ్చే అమ్మాయి. లితారా వంటింట్లో సీమపనస కాలుస్తూ ఉండగా ఫోను మోగింది.

"టీచరుగారూ, మీది వేసుకుంటున్నాం. చదివి నేను ఆ పూట ఇంక ఏ పనీ చెయ్యలేదు. ఒక్క సందేహం. ఇది కథా, మీకు జరిగిందా?"

"తాల అని రాశాను కదమ్మా."

"రాశారు. కానీ మా దగ్గర తాల అని పేజీ లేదు. ముందు సగం కథలు, వెనక సగం అనుభవాలు, మధ్యలో బిస్కెట్ల ప్రకటన. మిమ్మల్ని తీసుకెళ్ళి బిస్కెట్ల మీద వెయ్యలేను కదా."

ఇంకొకప్పుడైతే లితారా నవ్వేది. ఇప్పుడు పొయ్యి మీద సీమపనస మాడుతున్నా కదల్లేదు.

"చదివితే నీకేమనిపించింది?"

"నాకైతే జరిగినట్టే అనిపించింది. కానీ మీరు మొదట్నించీ 'చెల్లెలు' అంటూ వచ్చారు. 'నేను' అని ఒక్కచోట కూడా లేదు. అందుకే అడుగుతున్నా. శుక్రవారం అచ్చుకి పంపాలి, ఆలోపు చెప్పండి."

ఫోను పెట్టేసి లితారా నల్లగా మాడిన సీమపనసని పళ్ళెంలోకి తీసింది. తినబుద్ధి కాలేదు.

ఆవిడ రాసింది తొమ్మిదేళ్ళ నాటి సంగతి. వాళ్ళమ్మ సౌనోవా మూడేళ్ళు కూచుని మొగలి ఆకుతో ఒక సన్నచాప అల్లింది. నారని దారంలా చీల్చి అల్లిన చాప, చీరలా మడత పడేది, అంచున ఎర్ర ఈకలు కుట్టింది. తనని మట్టి చేసే రోజున దాన్ని ఊరి ముందు విప్పాలని ఆమె కోరిక. అంతవరకూ అది ఆమె పరుపు కింద ఉండేది, మిగిలిన చాపలన్నిటికీ అడుగున.

ఆ ఏడాది లితారా మామగారు పోయారు. కబురొచ్చేసరికి ట్రక్కు ఇంటి ముందుకొచ్చి హారన్ కొడుతోంది. చావింటికి చాప పట్టుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ, వట్టి చేతులతో అత్తవారి గడప తొక్కితే ఏం బాగుంటుంది? పక్కనే అక్క ఇంట్లో అమ్మ నిద్రలో ఉంది. లితారా పరుపు అంచు ఎత్తి, గుడ్డ చుట్టి ఉన్న చాపల్లో పైనున్నది లాక్కుని పరుగెత్తింది. మంచిది ఎప్పుడూ అడుగునే ఉంటుంది కాబట్టి పైది మామూలుదే అయి ఉండాలి. కానీ ఆ వారమే చాపలన్నీ బయట వేసి ఎండబెట్టారు. తిరిగి సర్దేటప్పుడు వరస తారుమారైంది. ఆ సంగతి అప్పటికి లితారాకి తెలియదు.

ద్వీపానికి అవతలి వైపున్న సాలువా ఊళ్ళో, నూటయాభై మంది ముందు, ఆ చాప విప్పి ఎత్తి పట్టుకున్నప్పుడు ఎర్ర ఈకలు కనిపించాయి. అవతలి ఆడవాళ్ళందరూ ఒక్క గొంతుతో "మాలో, మాలో" అని మెచ్చుకుంటూ అందుకున్నారు. ఆ మాట పడ్డాక చాప వాళ్ళదే. పొరపాటైంది, ఇటివ్వండి అని ఇంతవరకూ ఈ దీవుల్లో అడిగినవాళ్ళు లేరు. లితారా నోరు మూసుకుని తల వంచుకుంది. ఆ చాప అక్కణ్ణించి ఇంకో చావుకో పెళ్ళికో పోయే ఉంటుంది. చాపలు ఒకచోట ఆగవు.

ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ ఉండగానే నాలుగు నెలలకి అమ్మ పోయింది. పరుపెత్తి చూస్తే చాప లేదు. అందరి చూపులూ అక్క వలాసి మీదికి తిరిగాయి. అమ్మతో ఉన్నది వలాసి, ఆ ఏడే వలాసి కూతురి పెళ్ళయింది, వియ్యంకులు సవాయీ దీవిలో కలిగినవాళ్ళు. ఎవరూ మాట అనలేదు. మన ఊళ్ళో అలాంటివి మాటల్లో అనరు, వడ్డించేటప్పుడు గరిటె విసురులో చెబుతారు. వలాసి చెల్లెలి వంక చూసింది. మా అక్క అలాంటిది కాదు అని ఒక్క మాట అంటుందని చూసింది. లితారా చేతిలో ఉన్న పూలదండ వంక చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత వలాసి, ఊరి ఆడవాళ్ళు కలిసి చాపలల్లే అల్లికల శాలకి రావడం మానేసింది. ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒక అరటి వరస, అంతే. "మీ పంది మా చేమతోటలో పడింది", "నీళ్ళ పంపు ఆగిపోయింది" అనేటంత మాటే మిగిలింది. లితారా మూడుసార్లు నిజం చెప్పేద్దామని ఆ అరటి వరస దాటింది. మూడుసార్లూ పంది గురించి మాట్లాడి వచ్చింది.

ఇద్దరూ చిన్నప్పుడు ఒకే చాప మీద పడుకుని అమ్మ దగ్గర కథలు వినేవాళ్ళు. అమ్మ మధ్యమధ్యలో ఆగేది. వింటున్నవాళ్ళు "ఔవే" అని ఊ కొట్టాలి. కొట్టకపోతే నిద్రపోయారని అక్కడితో ఆపేసేది. లితారా ఎప్పుడూ సగంలోనే నిద్రపోయేది. వలాసి కళ్ళు నులుముకుంటూ చివరిదాకా ఊ కొట్టి, పొద్దున్నే బడికి నడుస్తూ మిగిలిన సగం చెల్లెలికి చెప్పేది. అలాంటి అక్కకి తను తొమ్మిదేళ్ళుగా ఏం చేసిందో లితారాకి తెలుసు. పదవీ విరమణ అయ్యాక ఒక వారం కూచుని నోటితో రానిది చేత్తో రాసింది. రాసి, నేను అనాల్సిన చోట చెల్లెలు అని పెట్టుకుంది.

గురువారం దాకా ఆగి తిరేసాకి ఫోను చేసింది. స్వానుభవం అనాలనే చేసింది. అవతల తిరేసా పలికేసరికి ఊరు గుర్తొచ్చింది. ఊళ్ళో తన పాఠాలు విన్నవాళ్ళే సగం మంది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూచునే మనిషి తను. 

"కథల్లో వెయ్యమ్మా," అంది.

"సరే టీచరుగారూ," అంది తిరేసా.

లితారా తనకు తాను చెప్పుకుంది. అక్క చదువుతుంది, అక్కకి అర్థమవుతుంది, ఊరికి తెలియదు. రెండూ అయినట్టే కదా అనుకుంది. తను తెలివైనదాన్నని కూడా కాసేపు అనుకుంది.

పత్రిక వచ్చిన వారానికే ఆ తెలివి ఎలా తిరగబడిందో తెలిసింది. వాళ్ళ ఊరు ఫాలెవాయికి అమ్మకానికి వచ్చినవి మూడు ప్రతులు. చేతులు మారి మారి వాటి అట్టలు మెత్తబడిపోయాయి. అల్లికల శాల పెద్ద లోమి, ఊరి ఆడవాళ్ళందరికీ తనే కళ్ళూ చెవులూ అనుకునే మనిషి, ఎదురొచ్చి లితారా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ అంత మంచి చెల్లెలు ఎవరికుంటుందే. ఏడ్చాననుకో."

"ఎందుకు?"

"మాకు తెలీదనుకున్నావా? మీ అమ్మ చాప సంగతేగా. అక్క చేసిన పని నీ నెత్తినేసుకుని కథ అల్లావు. అక్క పరువు కోసం దొంగవయ్యావు. అది అల్లిందేనని పైన పెద్దక్షరాలతో కథ అని వేసే ఉందిగా."

లితారా చేతులు వెనక్కి లాక్కుంది. "లోమీ, అది కథ కాదు. ఆ చాప తీసింది నేనే."

"అవునవును. నువ్వు అలాగే అంటావని మా ఆయన ముందే అన్నాడు," అంది లోమి, ఆవిడ చెంప నిమిరి. "గురువారం అల్లికల శాలలో నువ్వే చదివి వినిపించాలి. నేను అందరికీ చెప్పేశాను."

మర్నాడు బస్సు ఆగే చోట వలాసి కనిపించింది. చేమదుంపల బుట్ట పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి, పందీ పంపూ కాకుండా, తనంతట తను మాట్లాడింది.

"బాగా రాశావంట."

"నువ్వు చదివావా అక్కా?"

"నాకెందుకు చదవడం. ఎదురైన ప్రతివాళ్ళూ చెబుతున్నారుగా. నా దొంగతనం, నీ మంచితనం." బస్సు వచ్చింది. వలాసి బుట్ట ఎత్తుకుంది. "ఇన్నాళ్ళూ గుసగుసలే. ఇప్పుడు అచ్చులో కూడా వేయించావు, సంతోషం."

బస్సు వెళ్ళిపోయాక లితారా ఎండలో అక్కడే నిలబడిపోయింది. తను ఎక్కాల్సింది కూడా ఆ బస్సే.

ఇంటికొచ్చి తిరేసాకి ఫోను చేసింది. ఉన్నదంతా చెప్పింది. అచ్చయిపోయింది, అమ్ముడూ పోయింది, ఇప్పుడేం చెయ్యగలం అంటుందనుకుంది. తిరేసా వేరేది చెప్పింది.

"వచ్చే సంచికలో దిద్దుబాటు వేస్తానండి. కానీ అది రావడానికి ఆరు నెలలు. మీ గురువారం ఎల్లుండేగా."

"చెబితే నమ్మట్లేదమ్మా."

"చెబితే నమ్మరు. చదివితే వింటారు. మీరు పేజీలో ఉన్నది ఉన్నట్టు చదవాలని రూలేం లేదు."

ఆ సాయంత్రం లితారా, పత్రిక వాళ్ళు తనకి పంపిన రెండు ప్రతుల్లో ఒకటి తీసుకుని అరటి వరస దాటింది. వలాసి ఇంటి అరుగు మీద పెట్టి, లోపలికి వినపడేలా, "గురువారం చదువుతున్నాను, రా," అంది. లోపల గిన్నె చప్పుడు ఆగింది. ఈసారి పంది ఊసు ఎత్తకుండానే ఆవిడ తిరిగొచ్చింది.

గురువారం అల్లికల శాల నిండింది. నాలుగు వైపులా గోడల్లేని ఇల్లు, సముద్రపు గాలి ఇటు నుంచి అటు పోతుంది. ఇరవై రెండు మంది ఆడవాళ్ళు ఎవరి చాప ముందు వాళ్ళు కూచున్నారు. లోమి కోకో కాచి తెచ్చింది, మంచి గౌను కూడా వేసుకొచ్చింది. లితారా కళ్ళద్దాలు తుడుచుకుని లేవబోతూ ఉండగా వెనక గుంజ దగ్గర ఎవరో మొగలి నార కట్ట కింద పడేసిన చప్పుడైంది. వలాసి. ఎవరినీ పలకరించలేదు. సగం వీపు ఇటు పెట్టి కూచుని, అల్లడం మొదలెట్టింది.

గుసగుసలు బయల్దేరాయి. లోమి చేత్తో సైగ చేసి ఆపింది.

లితారా చదవడం మొదలెట్టింది. అమ్మ మూడేళ్ళ అల్లిక గురించి, నారని గోటితో చీల్చే ఓపిక గురించి. మొదటి చోట ఆగింది. "ఔవే," అన్నారు అందరూ హాయిగా. ఎర్ర ఈకల అంచు గురించి చదివింది. "ఔవే." ట్రక్కు వచ్చి హారన్ కొట్టే చోటికి వచ్చింది. పేజీలో, చెల్లెలు పరుపెత్తింది, అని ఉంది. ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టుకుంది.

"నేను పరుపెత్తాను," అని చదివింది. "నేను, లితారాని. పైనున్న చాప తీశాను. సాలువాలో మా మామగారి శవం ముందు అది విప్పారు. ఎర్ర ఈకలు చూశాక కూడా నేను నోరు తెరవలేదు."

ఎవరి చేతుల్లోనూ నార కదలడం లేదు. లితారా ఆగకుండా చదివింది. చెల్లెలు అని ఉన్న చోటల్లా నేను అంది. అక్క అని ఉన్న చోటల్లా మా అక్క వలాసి అంది. "మా అమ్మని సాగనంపిన రోజున మీరందరూ మా అక్క వలాసి వంక చూశారు. మా అక్క వలాసి నా వంక చూసింది. నేను పూలదండ వంక చూశాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా అక్క మోసింది నాది."

అక్కడ ఆగాలి. ఆగింది.

ఔవే అన్నవాళ్ళు లేరు. ఒకావిడ కోకో గ్లాసులోకి చూస్తోంది. ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళు ఆపెయ్యాలి, అది అమ్మల నాటి నుంచీ ఉన్నదే. లితారా కాసేపు చూసింది. సిగ్గు కన్నా ముందు ఆవిడకి ఒక తేలిక కలిగింది, చెప్పడమైతే అయిపోయింది కదా అని. తర్వాత ఏడుపొచ్చింది. పత్రిక మూసింది.

"ఔవే."

వెనక గుంజ దగ్గర్నుంచి వచ్చింది. వలాసి అల్లిక మీంచి తలెత్తలేదు.

లితారా మూసిన పత్రిక పట్టుకుని అటు తిరిగింది.

"ఆపావేం?" అంది వలాసి. "ఊ కొట్టాను కదా."

"అక్కా..."

"అందులో ఒక తప్పుంది. నిన్న రాత్రి చదివాను. చాపలు ఎండబెట్టి తిరిగి సర్దింది అమ్మ అని రాశావు. అమ్మ ఆ వారం మోకాలు వాచి వంగలేకపోయింది. సర్దింది నేను." వలాసి అప్పుడు ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం చేమదుంపలు బేరమాడే గొంతే. "మంచిది అడుగున పెట్టాలని నాకు తెలీదా? వాన వచ్చేలా ఉందని గబగబా కుక్కేశాను. అది పైన ఉందనే సంగతి నాకు నీ కాగితం చూసేదాకా తట్టలేదు. తొమ్మిదేళ్ళుగా ఎవరు తీశారా అని ఈ ఊళ్ళో ఒక్కొక్కళ్ళ మొహమూ వెతికాను. లోమీ, నీ మొహం రెండుసార్లు వెతికాను."

"నాదా?" అంది లోమి.

"నీది కాక ఇంకెవరిది? అంత గట్టిగా నన్ను అనుమానించింది నువ్వే కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. లోమి ఇటూ అటూ చూసి, లేచి, కోకో కూజా పట్టుకుని ఇంటి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది. ముందు వలాసికి పోసింది, అంచు దాకా. తొమ్మిదేళ్ళలో ఆ చేత్తో వలాసికి అంత నిండుగా పొయ్యలేదు.

"పెన్సిలుందా?" అంది వలాసి చెల్లెలితో.

టీచరు జుట్టులో పెన్సిలు లేకపోవడమా? లితారా తీసి, పత్రిక మోకాలి మీద పెట్టుకుని, అమ్మ అన్న మాట కొట్టేసి, పైన మా అక్క వలాసి అని రాసింది. పిల్లల తప్పులు దిద్దినంత శ్రద్ధగా రాసింది. కన్నీళ్ళు పడి ఆ చోట కాగితం ఉబ్బింది.

"నన్ను తిట్టవా?" అని అడిగింది.

"తిడతాను. తొమ్మిదేళ్ళది ఉంది, ఒక పూటతో అయ్యేది కాదు. రోజూ సాయంత్రం వస్తాను." వలాసి మళ్ళీ నార చేతిలోకి తీసుకుంది. "ముందు అది పూర్తి చెయ్యి. చిన్నప్పుడు సగంలో నిద్రపోయేదానివి నువ్వు, నేను కాదు."

లితారా చదివింది. తర్వాత ఆగిన చోట ఇరవై మూడు గొంతులు ఔవే అన్నాయి. అందులో ఒకటి మిగతావాటి కన్నా ఒక క్షణం ముందే వచ్చింది, చివరి దాకా అలాగే వస్తూ ఉంది.

సాయంత్రం తిరేసాకి ఫోను చేసేటప్పుడు వలాసి వంటింటి గడపలో కూచుని సీమపనస తొక్క తీస్తోంది. పంది మళ్ళీ చేమతోటలో పడింది, ఎవరూ లేవలేదు.

"చదివారా? నమ్మారా?" అని అడిగింది తిరేసా.

"నమ్మారమ్మా. వచ్చే సంచికలో ఆ దిద్దుబాటు వెయ్యి."

"వేస్తాను. ఏ గడిలోకి మార్చమంటారు చెప్పండి. స్వానుభవమేగా?"

"స్వానుభవమే," అంది లితారా. గడప వైపు చూసింది. "కానీ ఒక్కళ్ళది కాదు. రాసినవాళ్ళ పేరు దగ్గర రెండు పేర్లు వెయ్యాలి."

"నా పేరు ముందు వెయ్యమను," అంది వలాసి, కత్తి ఆపకుండానే. "పెద్దదాన్ని."